ఎత్తిపోతల గారు అడుగుతున్నారు

...అసలు తాళం ఎందుకు పుట్టింది? దొంగ ఉన్నందుకా, దాచుకునేది ఉన్నందుకా? దాచుకునేది లేని మనిషికి దొంగ భయం ఎందుకు? పోనీ దాచుకునేది ఉన్న మనిషి... ప్రభావతి ఆలోచన ఇంతవరకు వచ్చేసరికి, స్టేజీ మీద ఆమె భర్త బసవపున్నయ్య గారు పల్నాడును కాపాడటం మొదలుపెట్టారు.

"ఈ క్షణం నుంచి ఈ గడ్డ మీద పాస్‌వర్డ్ లేని మనిషి ఉండడు!" అన్నారాయన.

గురజాలలో ఆ కల్యాణ మండపం కట్టినప్పటి నుంచి అంత గంభీరమైన మాట అక్కడ ఎవరూ వినలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పక్క హాల్లో ఆకులు వేస్తున్నారన్న కబురు కూడా అప్పుడే వచ్చింది గానీ, చప్పట్లు పూర్తిగా ఉపన్యాసానికే.

బసవపున్నయ్య గారు పోయిన ఎన్నికల్లో టిక్కెట్ ఆశించారు. పార్టీ ఇవ్వలేకపోయింది. అయితే ఉత్త చేతులతో పంపలేదు. 'పల్నాడు సైబర్ భద్రతా చైతన్య మండలి' అని ఒకటి పుట్టించి, ఆయన్ని దానికి చైర్మన్ చేసింది. తిరిగే కుర్చీ వచ్చింది, తలుపు మీద బోర్డు వచ్చింది, కారు ముందు ఇత్తడి పలక వచ్చింది. ఆయనకు ఫోన్లో మెసేజ్ పంపటం రాదని గిట్టనివాళ్ళు అంటారు. నిజమే. అయితే నీటిపారుదల మంత్రికి ఈత వచ్చి తీరాలని రాజ్యాంగంలో ఎక్కడా రాయలేదు.

ప్రభావతి ఫోనుకు తాళం ఉంది. ఆ సంగతి ఆ హాల్లో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

వాళ్ళ ఇంటికి తాళం లేదు. మామగారి కాలం నుంచీ లేదు. రాజకీయాల ఇల్లు. పొద్దున కాఫీ కలిపే వేళకు వసారా నిండా మనుషులు ఉంటారు. బీరువా తాళంచెవి బీరువాకే వేలాడుతుంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె తనకోసం మూసుకునే తలుపు స్నానాలగదిది ఒక్కటే. దాని గడియ కూడా సరిగా పడదు. పక్కింటి హజ్రా బీ కూతురు తహసీన్ కొత్త ఫోను సర్దిపెడుతూ, "వేలు పెట్టు పిన్నీ. ఇక నువ్వు తీస్తేనే తెరుచుకుంటది, ఇంకెవరికీ తెరుచుకోదు" అన్నప్పుడు ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయల ఘాటు అని చెప్పింది. ఆ గదిలో ఉల్లిపాయలు లేవు.

ఆ తాళం వెనక ఆమె దాచుకున్నది ఒక పేరు. అకౌంటుకు ఏం పేరు పెట్టాలని ఫోను అడిగితే, ఆ వారమే చూసొచ్చిన జలపాతం పేరు రాసింది. 'ఎత్తిపోతల'. ఆ పేరుతో, తన భర్త పేజీలో వచ్చే లైవ్‌ల కింద ప్రశ్నలు రాస్తుంది. తిట్లు కాదు, ప్రశ్నలే. "అయ్యా, తెలియని లింకు నొక్కొద్దన్నారు. ఆ మాట చెప్పటానికి మాకు లింకే ఎందుకు పంపారు?" ఇలాంటివి.

అడగటం కంటే ఆమెకు జవాబు ఇష్టం. ఇంట్లో "ఏమే, నా చొక్కా ఏదే" అనే మనిషి, అక్కడ "ఎత్తిపోతల గారూ, తమరి ప్రశ్న చానా విలువైనది" అని రాయించేవారు. ఏం రాయించాలో తోచకపోతే అన్నం తింటూ ఆమెనే అడిగేవారు.

"ఏమే, ఈ ఎత్తిపోతల గాడికి ఏం చెప్పాలంటావ్?"

"తెలియదని చెప్పండి."

"చైర్మన్ తెలియదంటాడా యాడన్నా?"

"కనుక్కుని చెప్తానని చెప్పండి."

"అదీ! అట్టా చెప్పు. నీకు కూడా అప్పుడప్పుడు బుర్ర పనిచేసిద్దే."

పెళ్ళైన నాటి నుంచి వాళ్ళ మధ్య ఇంత సంభాషణ ఎప్పుడూ జరగలేదు. ప్రశ్న ఆమెదే, జవాబూ ఆమెదే. మధ్యలో ఆయన వినేవారు. పట్టుబడితే పరువు పోతుందని ఆమె భయపడలేదు. ఆ వినటం పోతుందని భయపడింది.

ఉపన్యాసం అయ్యాక మండలి కార్యదర్శి త్రికోటేశ్వరరావు మైకు అందుకున్నాడు. టీవీలో మంత్రుల ప్రమాణ స్వీకారాలు వదలకుండా చూసే మనిషి కాబట్టి, సైబర్ ప్రమాణాన్ని కూడా అదే బాణీలో రాశాడు.

"అందరూ కుడిచెయ్యి చాపండి. నేను చెప్పినట్టు చెప్పండి. ఖాళీలు వచ్చిన కాడ ఎవరిది వాళ్ళు నింపుకోండి. ఫలానా అనే నేను, నా పాస్‌వర్డ్ అయిన ఫలానాను, ప్రాణం పోయినా ఎవరికీ చెప్పనని దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను!"

హాలంతా ఖాళీలు నింపింది.

"వినపళ్ళా!" అన్నారు చైర్మన్ గారు.

ఈసారి కిటికీ అద్దాలు అదిరేటట్టు నింపింది. ముందు వరసలో పెద్దమనుషులకు మైకు విడిగా అందించారు. లైవ్ నడుస్తూనే ఉంది.

"నాకు ఫోనే లేదు నాయనా" అంది రాఘవమ్మ అనే ముసలావిడ.

"ముందు పాస్‌వర్డ్ పెట్టుకో అత్తా. ఫోను సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు త్రికోటేశ్వరరావు.

హనుమంతరావు అనే కార్యకర్త మైకు పుచ్చుకుని, ఊపులో, ప్రతిపక్ష నాయకుడి పేరు చెప్పాడు. చైర్మన్ గారు గిర్రున తిరిగి చూశారు.

"పాత పాస్‌వర్డ్ అన్నా!" అని కంగారుపడ్డాడు. "పార్టీ మారినప్పుడు దాన్ని మార్చటం మర్చిపోయా!"

"కండువా మార్చటం గుర్తుంది గదరా?" అన్నారాయన.

"కండువా నువ్వే వేశావు గదన్నా."

చైర్మన్ గారు పెద్దమనసుతో క్షమించారు. ప్రభావతి దగ్గరికి మైకు రాలేదు. చైర్మన్ భార్యకు పాస్‌వర్డ్ ఉంటుందని ఎవరికీ తోచలేదు.

హాల్లో ఒకే ఒక మనిషి ఖాళీ నింపలేదు. ఫ్లెక్సీలు వేసే ఏలియా. సొంతూరు రెంటచింతల, షాపు గురజాలలో, నోటి జోరు ఎక్కడైనా ఒకటే. అలాంటివాడు ఖాళీ దగ్గరికి రాగానే మూతి బిగించి, అది దాటాక "ప్రాణం పోయినా" నుంచి గట్టిగా అందుకున్నాడు. త్రికోటేశ్వరరావు గమనించాడు. కార్యదర్శులు ఊరికే అవరు.

ఆ సాయంత్రం ఎత్తిపోతల గారు అడిగారు: "అయ్యా, ఆ పాస్‌వర్డ్‌లు ఇప్పుడు ఎవరికి చెప్పకూడదు? విననివాళ్ళు ఎవరన్నా మిగిలారా?"

వారం తిరక్కముందే చైర్మన్ గారి పేజీని ఎవరో ఎత్తుకుపోయారు. చేతులు జోడించిన ఫోటో అలాగే ఉంది, కింద మాత్రం పొట్ట తగ్గించే పొడి అమ్ముతున్నారు. జనం ఆర్డర్లు కూడా పెట్టారు. నాయకుడి మీద నమ్మకమంటే అదీ. మండలి కొత్త పేజీ తెరిచింది. ఎత్తిపోతల గారు అక్కడికీ వచ్చి, "అయ్యా, పొడి తమరు వాడారా?" అని అడిగారు. అది పేపర్లో పడింది.

పై నుంచి ఫోను వచ్చింది. దొంగను పట్టుకుంటారా, కుర్చీ ఖాళీ చేస్తారా అని.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. టీ చల్లారేలోపే దొంగ ఎవరో తేలిపోయింది.

"ప్రశ్నలు ఎందుకు అడుగుతాడన్నా మనిషి? లోపలి సంగతి తెలుసుకోటానికి" అన్నాడు త్రికోటేశ్వరరావు. "లోపలి సంగతి ఎందుకు? దొంగతనానికి. అడిగేవాడే ఎత్తుకుపోయేవాడు. ఎత్తిపోతల అని పేరులోనే ఉంది గదా, ఎత్తుకుపోతా అని!"

"అబ్బ! నాకు తట్టలేదు చూడు" అన్నారు చైర్మన్ గారు.

ఆ ఎత్తిపోతల ఎవరో పట్టటానికి, కంటి శిబిరం పెట్టినట్టే ఫోన్ల శిబిరం పెట్టారు. షామియానా, బల్లలు, మజ్జిగ. వరసలో వచ్చి, ఫోను తాళం తీసి బల్ల మీద పెట్టాలి. కార్యకర్తలు లోపలంతా చూసి, 'సురక్షితం' అని వెనక స్టిక్కర్ వేస్తారు. జనం విరగబడి వచ్చారు. ఎవరి ఫోన్లో ఎవరి ఫోటోలున్నాయో పొద్దుగూకే లోపల ఊరందరికీ తెలిసింది. రెండు సంబంధాలు చెడిపోయాయి, ఒకటి కుదిరింది. మొత్తం మీద ఊళ్ళో భద్రత పెరిగింది.

"వదినమ్మ ఫోను కూడా చూసి స్టిక్కర్ వేద్దామా అన్నా? ఆదర్శంగా ఉంటది" అన్నాడు త్రికోటేశ్వరరావు.

ప్రభావతి పమిట కింద ఫోనును గట్టిగా పట్టుకుంది. చైర్మన్ గారు నవ్వారు.

"దాని ఫోన్లో ఏముంటదిరా? పాలవాడి నంబరు, మా చెల్లెలి నంబరు. వెయ్యి, చూడకుండా వెయ్యి."

స్టిక్కర్ పడింది. బతికిపోయానన్న సంతోషం ముందు వచ్చింది. వెనకాలే, సంతోషం కానిది ఇంకోటి వచ్చి దాని పక్కన కూర్చుంది. ఒకసారి తెరిచి చూడదగ్గ మనిషిని కూడా కానా అని. దొరక్కూడదని ఇంత కోరుకున్న మనిషి, వెతకనందుకు ఎందుకు చిన్నబుచ్చుకుంటుందో ఆమెకు అర్థం కాలేదు. మనసుకు కూడా ఒక శిబిరం పెడితే బాగుండుననుకుంది. మళ్ళీ వద్దనుకుంది, త్రికోటేశ్వరరావే వచ్చి చూస్తాడు.

అంతలో వరస ఆగిపోయింది. ఏలియా తాళం తియ్యనన్నాడు.

"ఏందయ్యా ఏలియా, దాచేది లేకపోతే తాళం ఎందుకు?" అన్నారు చైర్మన్ గారు.

"మీరే గదా ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించింది?"

"ఎవరికీ అంటే బయటోళ్ళకి. మేం బయటోళ్ళమా?"

"ఆ ముక్క ప్రమాణంలో లేదు. బ్యానర్ వేసింది నేనే. అచ్చుతప్పులు దిద్దింది కూడా నేనే."

త్రికోటేశ్వరరావు చైర్మన్ గారి చెవిలో చెప్పాడు గానీ, పక్కనున్న ప్రభావతికి వినపడింది. "అన్నా, వీడు మాట మీద నిలబడుతున్నాడంటేనే నాకు అనుమానంగా ఉంది. మనోళ్ళలో ఎవడన్నా నిలబడ్డాడా?"

దొంగ ఏలియానే అని తేల్చి, ఫోను లాక్కున్నారు. మర్నాడు మండలి ఆఫీసులో నేరస్తుడి పరిచయ కార్యక్రమం. 'సైబర్ దొంగ దొరికాడు' అని ఫ్లెక్సీ వెయ్యాలంటే ఊళ్ళో షాపు ఏలియాది ఒక్కటే. అతను వెయ్యనన్నాడు. పిడుగురాళ్ళ నుంచి తెప్పించారు. అందులో అచ్చుతప్పు పడి, 'సైబర్ దొర దొరికాడు' అని వచ్చింది.

లైవ్ మొదలైంది. చైర్మన్ గారు తిరిగే కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. ఏలియా ఫోను బల్ల మీద స్టీలు పళ్ళెంలో ఉంది. గోడ మీద పెద్ద తెర. వచ్చిన కామెంట్లు పైకి చదవటం త్రికోటేశ్వరరావు విధి. ఎస్సై గారు దారిలో ఉన్నారు. మహిళా ప్రతినిధిగా ప్రభావతిని తీసుకొచ్చి ఏలియా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు.

ఏలియా నోట్లో ఆ జోరు లేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు. "అమ్మా, నన్ను ఏమన్నా చేసుకోమనండి. మా ఆడోళ్ళు ఆదివారం చర్చికి పోవాలి గదమ్మా. ఎట్టా తలెత్తుకుంటారు?"

"నువ్వు ఆ ఫోను తెరిచి చూపిస్తే అయిపోయేది గదా ఏలియా."

"అందులో ఏముందమ్మా నా మొహం! ఏమీ లేదు. ఏమీ లేదని నేను చెప్తే నమ్మాలా, చూస్తేనే నమ్ముతారా? అదీ నా బాధ."

ప్రభావతి తాళం తీసే తన వేలి వంక చూసుకుంది. తర్వాత పమిట చాటున ఫోను తీసి రాసింది. అదే అతన్ని విడిపిస్తుందనుకుంది. పంపించింది.

"ఎత్తిపోతల గారు అడుగుతున్నారు" అని త్రికోటేశ్వరరావు అలవాటుగా అందుకున్నాడు. "'అయ్యా, ఏలియా ఫోను తమరి పళ్ళెంలో ఉంది. మరి నేను ఎట్టా రాస్తున్నాను?'"

ఏలియా తలెత్తాడు. చైర్మన్ గారు పళ్ళెం వంక చూశారు, తెర వంక చూశారు, మళ్ళీ పళ్ళెం వంక చూశారు. నెమ్మదిగా ఆయన మొహం వెలిగింది.

"చూశారా సోదరులారా!" అన్నారు కెమెరాతో. "తాళం వేసిన ఫోను! పళ్ళెంలో ఉన్న ఫోను! చెయ్యి తగలకుండా దానంతటది రాస్తంది! ఎంత ప్రమాదకరమైన నేరస్తుణ్ణి పట్టుకున్నామో ఇప్పుడన్నా అర్థమైందా?"

చప్పట్లు మోగాయి. పళ్ళెం పక్కనున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు. హనుమంతరావు శాలువా తేవటానికి పరిగెత్తాడు. పై నుంచి ఫోను వచ్చింది, శభాష్ అని. బయట జీపు ఆగిన చప్పుడైంది.

ఆ సందడిలో బసవపున్నయ్య గారు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, భార్య వైపు వంగారు.

"ఏమే, వాడికి ఇప్పుడు ఏం చెప్పాలంటావ్?"

ఆయన మొహంలో నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఆ మొహాన్ని ఆమె కాసేపు చూసింది. రేపటి నుంచి అది ఇలా తన వైపు తిరగదు.

"చెప్తానుండండి" అంది.

త్రికోటేశ్వరరావు మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, తెర వైపు తిరిగాడు. ప్రభావతి ఈసారి ఫోనును ఒళ్ళో పెట్టుకుని, పైకే, అందరికీ కనపడేలా, పేరు మార్చే చోటు వెతికింది. 'ఎత్తిపోతల'ను ఒక్కో అక్షరమే చెరిపింది. 'ప్రభావతి' అని రాసింది. పాత ప్రశ్నలన్నిటి మీదా ఇకనుంచి ఈ పేరే కనిపిస్తుందని ఫోను హెచ్చరించింది. మీకు సమ్మతమేనా అని అడిగింది.

ఏ విషయంలోనూ ఆమెను ఎవరూ అలా అడగలేదు. ఆ మాటను ఇంకొకసారి చదువుకుంది.

'అవును' అని ఉన్నచోట నొక్కింది.