రెండు దుకాణాలు, ప్రిన్సిపాల్ ట్యాబ్

మధ్యాహ్నానికల్లా లెక్క తేల్చి, మూడింటి బస్సుకు మనూర్ వెళ్లి, అత్తగారింట్లో కోడికూర తినాలన్నది ఆ ఉదయం స్టాన్లీ పథకం. నారాయణఖేడ్‌లోని ఒక జూనియర్ కాలేజీకి అతను లైబ్రేరియన్. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఈసారి పొడిగింపు కాగితం ఇంకా ప్రిన్సిపాల్ సంగమేశ్వర్ బల్ల మీద సంతకం లేకుండా పడి ఉంది.

"ఇంటర్నెట్‌ల గా రెండు ఈ-పుస్తకాల దుకాణాలున్నయి గద, దేంట్ల తెలుగు పుస్తకాలు ఎక్కువున్నయో చూడు. సంగారెడ్డి నుంచి ఆఫీసర్ వస్తుండు, చెప్పాలె" అని ప్రిన్సిపాల్ కాలేజీ ఖాతా వివరాలు రాసిచ్చాడు. ఆ ఖాతా ఆయన ట్యాబ్‌కే కలిపి ఉంది.

స్టాన్లీకి పుస్తకాలు లెక్కపెట్టడం ఒకే తీరుగా వచ్చు. చేతిలోకి తీసుకోని పుస్తకం లెక్కలోకి రాదు. అందుకే తెర మీద ప్రతి పుస్తకం కింద ఉన్న మీటను, ఏం రాసుందో చదవకుండానే నొక్కడం, కాగితం మీద గీత గీయడం. మొదటి దుకాణంలో రెండువందల పన్నెండు తేలాయి. సగం వాస్తు, మిగిలినదాంట్లో సగం పచ్చళ్లు. రెండోదాంట్లో తొంభై ఆరే గాని, కథలూ నవలలూ అన్నీ అక్కడే ఉన్నాయి. సంఖ్య ఒకచోట, సరుకు ఒకచోట.

అంతలో అటెండర్ అంజద్ పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, ఏం జేస్తున్నవ్? పొద్దుగాల్నుంచి సార్ ట్యాబ్ మోగుతనే ఉంది. అన్ని పుస్తకాలు నువ్వే కొంటున్నవంట! ఆఫీసర్ గూడ జల్దీ వచ్చి సార్ ముంగటనే కూసున్నడు."

స్టాన్లీకి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి పంపుదామని మీటలు మళ్లీ నొక్కాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, పక్కగదిలో ట్యాబ్ మళ్లీ మోత అందుకుంది.

"స్టాన్లీ!" గోడ అవతలి నుంచి ప్రిన్సిపాల్ కేక. "కాలేజీ ముంచుతవా ఏంది? ఇటు రా!"

ఉద్యోగం పోయిందనుకుంటూనే వెళ్లాడు. ట్యాబ్ ఆఫీసర్ చేతిలో ఉంది. వెనకే వచ్చిన అంజద్ తొంగిచూసి, అట్టల కింది చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"పరేషాన్ గాకు సార్. అన్నిటి మీద శాంపిల్ అని ఉంది. ముఫత్, పైస కట్టేది లేదు!"

ప్రిన్సిపాల్ గుండెలనిండా ఊపిరి తీసుకున్నాడు. స్టాన్లీ హమ్మయ్య అనుకున్నాడు. ఆఫీసర్ మాత్రం ఎవరి మాటా పట్టించుకోకుండా అట్టలు జరుపుతూనే ఉన్నాడు.

"రెండు దుకాణాలవీ తెప్పించిండ్రా? జిల్లాల ఏ కాలేజీల గిన్ని లేవు! గీ లైబ్రేరియన్‌ను ఇడువకుండ్రి."

ప్రిన్సిపాల్ అక్కడికక్కడే పొడిగింపు కాగితం మీద సంతకం గీకేశాడు. స్టాన్లీకి బస్సు కూడా అందింది.

ప్రతి పుస్తకం పదో పేజీ దగ్గర ఆగిపోతోందని ఆ ఏడాదంతా కాలేజీలో ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.