విన్నట్టు భావించడమైనది

రేడియో ధారావాహిక 1,404వ భాగం మధ్యలో పదకొండేళ్లుగా ఇరుక్కుపోయి ఉన్న ఇంజనీరు మందాకిని, ఒక మంగళవారం ఉదయం పది గంటలకు, కాకినాడ రామారావుపేటలో కాపురముంటున్న సమీక్షకుడు తటవర్తి నీలకంఠం ఇంటికి ఫిర్యాదు చేయడానికి వచ్చింది. గొంతు మాత్రమే వచ్చింది. శ్రవ్య నాటకంలో పాత్రలకు ఉండేది అదొక్కటే కాబట్టి ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. ఫిర్యాదు కాగితం పట్టుకోవడానికి చేతులు కావాలి గనక రేడియో కేంద్రం గుమస్తా పరదేశి వెంట వచ్చాడు.

ఆ సమయానికి నీలకంఠం ఇడ్లీ తింటూ వారపత్రికకు సమీక్ష రాసుకుంటున్నాడు. ఆయన భార్య సుభాషిణి వంటింటి గుమ్మంలో నిలబడి ఏదో చెబుతోంది. ఆయన ఊఁ అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

"నమస్కారమండీ, నేను మందాకినిని," అంది గొంతు.

"కూర్చోండి."

"కూర్చోడానికి వీల్లేదండి. నేనింకా గొట్టంలోనే ఉన్నాను."

గొట్టం సంగతి చెప్పాలంటే ముందు ఊఁ సంగతి చెప్పాలి. 'ధూళిమేఘాల దారి' అనే ఈ ధారావాహిక ముప్ఫై ఎనిమిదేళ్లుగా ప్రతి ఆదివారం వస్తోంది. ఒక అంతరిక్ష నౌక, దాని కెప్టెను, వారానికొక గ్రహం, గ్రహానికొక గండం. అయితే మన దగ్గర ఎవరో ఒకరు ఊఁ కొట్టందే కథ ముందుకు నడవదు. మంచం మీద పడుకోబెట్టి కథ చెప్పే రోజుల్లో ఆ పని పిల్లలు చేసేవారు. రేడియో వచ్చాక ఎదురుగా ఎవరూ లేకపోయేసరికి కథలన్నీ మొదటి రంగంలోనే ఆగిపోసాగాయి. అందుకని సమీక్షకులను గుర్తింపు పొందిన శ్రోతలుగా నియమించారు. భాగానికి పన్నెండు రంగాలు, రంగానికొక ఊఁ, చివర అచ్చులో ఒక సమీక్ష. అప్పుడు ఆ భాగం ఫైలు మూస్తారు.

నీలకంఠం మంచి సమీక్షకుడే. మొదటి అయిదు నిమిషాలు వింటాడు, చివరి అయిదు నిమిషాలు వింటాడు. మధ్యలో రేడియో గొంతు తగ్గించి సమీక్ష రాసేసుకుంటాడు, చెయ్యి దాని పని అది చేస్తుంటే నోరు రెండు నిమిషాలకోసారి ఊఁ అంటుంది. ఆయన్ని అనే ముందు, అట్ట వెనక నాలుగు ముక్కలు చదివి పుస్తకాన్ని ఆకాశానికెత్తే పెద్దమనుషులు మనకెంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోవాలి. పైగా ఆయన ఎవరినీ నొప్పించడు. ప్రతి సమీక్షా 'మొత్తం మీద పర్వాలేదు' అనే ముగుస్తుంది.

1,404వ భాగం ఆరో రంగంలో నౌకకు గాలి వచ్చే గొట్టం పగిలింది. మందాకిని అందులోకి పాక్కుంటూ వెళ్లింది. ఏడు నిమిషాలకు సరిపడా గాలి ఉంది. లోపల ఒక మర తిప్పితే చాలు, బయటికి వచ్చేస్తుంది. సరిగ్గా అప్పుడే సుభాషిణి దోసెలకు పప్పు నానబోయమంటారా అని అడిగింది. ఆరో రంగానికి పడాల్సిన ఊఁ కాస్తా ఆ పప్పుకు పడింది. దోసెలు బాగా వచ్చాయి. మందాకిని గొట్టంలో ఉండిపోయింది.

చివరి రంగం నీలకంఠం విన్నాడు గనక మిగతావాళ్లంతా క్షేమంగా తర్వాతి వారానికి చేరుకున్నారు. మందాకిని స్థానంలో ఒక తాత్కాలిక ఇంజనీరును వేశారు. గొంతు వేరు, మాట తీరు వేరు. 'మందాకిని పాత్రలో పరిణతి కనిపిస్తోంది' అని నీలకంఠం రాశాడు. ఆ పత్రిక కత్తిరింపు కూడా ఫిర్యాదుకు జతచేసి ఉంది.

"ఇప్పుడెందుకండీ ఇదంతా?" అన్నాడు నీలకంఠం.

పరదేశి చెప్పాడు. "పాత టేపులు చెరిపేస్తున్నారండి. శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆఖరు. తేలని ఫైళ్ల మీద 'విన్నట్టు భావించడమైనది' అని స్టాంపు వేసి మూసేస్తారండి."

"స్టాంపు పడితే?"

"నేనుండనండి," అంది మందాకిని. "ఏడు నిమిషాల గాలండీ నా దగ్గరున్నది. పదకొండేళ్లుగా అదే ఏడు నిమిషాలు. చెరిపేస్తే అదీ పోద్ది."

నీలకంఠానికి నిజంగా సిగ్గేసింది. తినబోతున్న ఇడ్లీ ముక్క పళ్లెంలో పెట్టేసి, ఈసారి మొదటి నుంచి చివరి దాకా వింటానని మాట ఇచ్చాడు.

బుధవారం పరదేశి టేపురికార్డరు, ఊఁల రిజిస్టరు పట్టుకొచ్చాడు. అయిదు రంగాలు సాఫీగా గడిచాయి. ఆరో రంగంలో గొట్టం పగలగానే నీలకంఠం చెయ్యి దానంతటది పేపరు మీదికి వెళ్లింది. నోరు ఊఁ అంది.

"తిరగలేదండి మర," అంది మందాకిని.

పరదేశి రిజిస్టరులో 'ఖాళీ ఊఁ' అని రాసి, టేపు వెనక్కి తిప్పాడు. పేపరు తీసి పక్కగదిలో పడేశారు. నీలకంఠం క్యాలెండరు చూస్తూ ఊఁ అన్నాడు. క్యాలెండరు తీసేశారు. గోడ చూస్తూ అన్నాడు. గురువారం రెండుసార్లు కాఫీ తాగి, తొడ గిల్లుకుంటూ కూర్చున్నాడు. ఏం లాభం, ముప్ఫై ఏళ్ల అలవాటు. చెవి వినేలోపే నోరు ఊఁ అనేస్తోంది. రిజిస్టరులో ఖాళీ ఊఁలు పద్దెనిమిదికి చేరాయి.

శుక్రవారం నాలుగున్నర అయింది. "పోనీలెండి, మీరేం కావాలని చేయలేదు కదా," అంది మందాకిని. నీలకంఠం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు తుడుచుకుంటూ కూడా ఆయన ఊఁ అన్నాడు.

అప్పుడు సుభాషిణి చిక్కుడుకాయల చాటతో సహా వచ్చి టేపురికార్డరు పక్కన చతికిలబడింది. "మొదట్నుంచీ పెట్టవయ్యా పరదేశీ," అంది. ఈనెలు తీస్తూనే వింది. ప్రతి రంగానికీ "ఊఁ, తర్వాత?" అంది. ఒకచోట కెప్టెన్ని తిట్టింది. ఆరో రంగం వచ్చేసరికి చిక్కుడుకాయలు పక్కన పెట్టింది.

"మర ఎటు తిప్పాలమ్మా?"

"ఎడమకండి. తుప్పు పట్టేసిందండి, జారిపోతోంది."

"కొంగు చుట్టి తిప్పు."

"నేను చీర కట్టుకున్నానో లేదో రచయిత చెప్పలేదండి."

"కట్టుకున్నావనుకో. ఊఁ, తిప్పు."

కిర్రుమంది. నాలుగూ యాభై రెండుకు మందాకిని బయటికొచ్చి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. గదిలో ముగ్గురూ ఆ ఊపిరి విన్నారు. నీలకంఠం ఆనందం పట్టలేక చాటలోంచి ఒక పచ్చి చిక్కుడుకాయ తీసి నమిలేశాడు.

మందాకిని అక్కడికక్కడే పదకొండేళ్ల సెలవు చీటీ పెట్టింది. గుంటూరులో అక్క ఉందని ఏదో పాత భాగంలో అన్నారట, వెతుక్కుంటానంది. అసలు ఇంజనీరు తేలింది కాబట్టి రూలు ప్రకారం తాత్కాలిక ఇంజనీరు పదవీకాలం ముగిసింది. ఆదివారానికి నౌకలో ఇంజనీరు లేరు. పరదేశి సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు.

"అమ్మగారి దరఖాస్తు మంజూరైందండి."

"ఏ అమ్మగారు? ఏం దరఖాస్తు?" అన్నాడు నీలకంఠం.

"నాదేనండీ," అంది సుభాషిణి. "నౌకలో ఖాళీ వస్తే వెళ్తానని పెట్టాను. మీకు చెప్పాను కదా."

"ఎప్పుడు చెప్పావు?"

పరదేశి చదివాడు. "భర్తగారి అంగీకారం. జనవరి తొమ్మిది, గోళ్లు కత్తిరించుకుంటూ, ఊఁ. మార్చి రెండు, క్రికెట్టు చూస్తూ, ఊఁ. మొన్న మంగళవారం తొమ్మిదీ యాభై ఎనిమిదికి, ఇడ్లీ తింటూ, ఊఁ."

"నేను వినలేదయ్యా. అవన్నీ ఖాళీ ఊఁలు."

"నాటకంలో ఖాళీ ఊఁ చెల్లదండి," అన్నాడు పరదేశి మర్యాదగా. "ఇళ్లల్లో చెల్లుద్దండి." మందాకిని ఫైలు కోసం తెచ్చిన స్టాంపు ఎలాగూ చేతిలోనే ఉంది గనక, దాన్ని దరఖాస్తు మీద వేశాడు. విన్నట్టు భావించడమైనది.

శనివారం సుభాషిణి బయల్దేరింది. వెళ్లేముందు ఆవకాయ ఏ జాడీలో ఉందో, పాలవాడికి ఏం చెప్పాలో, కుళాయి ఎప్పుడు వస్తుందో చెప్పింది. నీలకంఠం ఒక్కసారి కూడా ఊఁ అనకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అంతా విన్నాడు. గొంతుతో చేసే ఉద్యోగం కాబట్టి చీరలూ చెప్పులూ ఇంట్లోనే ఉండిపోయాయి.

ఆదివారం ఆయన రేడియో ముందు వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. కలం ముట్టలేదు. మొదటి అయిదు నిమిషాల్లో ఆవిడ లేదు. ఏడో రంగంలో వచ్చింది. యంత్రంలో ఏదో లోపం గురించి కెప్టెనుకు వివరంగా, తొణక్కుండా చెప్పింది. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు. ఆవిడ ఒక్క బిగిన అంతసేపు మాట్లాడగలదని నీలకంఠానికి తెలియదు. "ఊఁ, తర్వాత?" అన్నాడు, ఖాళీ ఇంట్లో, పైకే. ఆ వారం సమీక్షలో పర్వాలేదు అన్న మాట లేదు.

సోమవారం ఉదయం పరదేశి అదే వీధిలో సైకిలు మీద వెళ్తున్నాడు. సంచి నిండా దరఖాస్తులున్నాయి. ధారావాహికను రోజూ వేయాలని పైనుంచి ఉత్తర్వులు వచ్చాయి, చాలామంది కావాలి. ఎదురింటి వరండాలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు పేపరు చదువుకుంటున్నాడు. లోపల్నుంచి ఎవరో ఏదో చెబుతున్నారు. ఆయన పేజీ తిప్పుతూ ఊఁ అన్నాడు. పరదేశి సైకిలు ఆపి, వాచీ చూసి, టైము రాసుకున్నాడు.