నవ్విన పెద్దల సంఖ్య: సున్నా

లోకంలో మనుషులు రెండు రకాలు. బొమ్మల సినిమా చూసేవారు, చూసేవారిని వెంటబెట్టుకొని వచ్చేవారు. ఈ రెండో రకానికి సినిమాతో ఎలాంటి సంబంధమూ ఉండదు, ఉండకూడదు. ఈ సత్యాన్ని 1984 ఎండాకాలంలో జిల్లా బాలవినోద పర్యవేక్షణ కార్యాలయం కనిపెట్టి, పదకొండు నిబంధనలుగా విడగొట్టి, సైక్లోస్టైల్ చేయించి, దమ్మపేటలోని చెంచురామయ్య గారి డేరా టాకీసుకు పంపింది.

ఆ టాకీసులో అప్పుడు ఒక బొమ్మల సినిమా ఆడుతోంది. ఏ దేశానిదో, ఏ భాషదో ఎవరికీ తెలియదు. ఒక ముసలి ఎలుగుబంటి ఇంటిదారి మరిచిపోతుంది. ఒక ఉడుత దాని చెవిలో కూర్చొని దారి చూపిస్తానంటుంది. ఉడుతకు కూడా దారి తెలియదు. కథ ఇంతే. ఇది పూర్తిగా పిల్లల వ్యవహారమని ఊరి పెద్దలందరూ ఒక్కమాట మీద తేల్చారు. తేల్చి, పిల్లల్ని తీసుకొని వరసగా మూడు రోజులు వెళ్లారు. నాలుగో రోజు పిల్లలు రామన్నారు. పెద్దలు చెవులు పట్టుకొని లాక్కెళ్లారు. (నేను మా అక్క కొడుకును తీసుకెళ్లాను. వాడికి ఆ రోజు జ్వరం. సినిమా చూస్తే తగ్గుతుందని నాకు అనిపించింది.)

నిబంధనల్లో మొదటిది, పిల్లలు లేకుండా పెద్దలకు ప్రవేశం లేదు. రెండోది, ఒక పిల్లకు ఒక పెద్ద మాత్రమే. నాలుగోది అసలైనది: వెంట వచ్చిన పెద్దలు వినోదం పొందరాదు. పొందినట్లు రుజువైతే అది పిల్లల సినిమా కాదని భావించి, అనుమతి రద్దు చేసి, రీళ్ల పెట్టెను మర్నాటి మొదటి బస్సుకు ఎక్కించవలెను.

ఇక ఎవరు పిల్లలు, ఎవరు పెద్దలు అన్నది తేల్చడంలో కార్యాలయానికి చిక్కొచ్చింది. మా అడవి అంచు ఊళ్లలో పుట్టిన తేదీ అడిగితే "ఇప్పపూలు రాలంగ పుట్టిండు" అంటారు. ఏ ఏడు రాలిన పూలో చెప్పరు. అందుకని ఐదో నిబంధనలో ఇలా రాశారు: "ఇతరుల చేయి పట్టుకొని వచ్చినవారు బాలలు. ఎవరి చేయి పట్టుకొనిరో వారు పెద్దలు." ఇంత స్పష్టమైన నిర్వచనం నేను మరే సర్కారు కాగితంలోనూ చూడలేదు.

ఈ నిబంధనల వల్ల అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది ఇన్నమ్మ. ఆమె దవాఖానాలో ఆయమ్మ. యాభై దాటాయి. పిల్లల్లేరు గాని, చుట్టుపక్కల తండాల్లో సగం మంది బొడ్డు కోసింది ఆమే. అలా కోసిన వాళ్లలో ఎనిమిదేళ్ల హేమ్లి అనే పిల్లను వెంటబెట్టుకొని సినిమాకు వచ్చేది. గేటు దగ్గర ఫారంలో "బాలతో సంబంధం" అనే గడిలో "బొడ్డు కోసినదాన్ని" అని రాయించింది. అలాంటి సంబంధం జాబితాలో లేదని చెంచురామయ్య గారు దాన్ని "ఇతరములు" కింద వేసుకున్నారు.

ఇన్నమ్మ మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఇంటర్వెల్ కాగానే తెర మీద స్లయిడ్ పడింది: "దవాఖానా ఇన్నమ్మ గారు వెంటనే రావలెను. కాన్పు." మూడుసార్లూ పక్కవాళ్లు చదివి వినిపించగానే ఆమె లేచి వెళ్లిపోయింది. ఎలుగుబంటి ఇల్లు చేరిందో లేదో ఆమెకు తెలియదు. ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకునేది. "చెప్పకుర్రి. నా కండ్లతోని చూస్త," అనేది.

నాలుగోసారి ఆమె వచ్చిన సాయంత్రమే తనిఖీ కూడా వచ్చింది. పెద్దలు నవ్వుతున్నారని ఎవరో పేరు రాయకుండా ఉత్తరం పెట్టారట. బాలవినోద పర్యవేక్షకులు (రెండో గ్రేడు) వెంకటరామారావు గారు ఖమ్మం బస్సు దిగి, సంచీలోంచి ఫారం తీసి, గేటు దగ్గర నిలబడ్డారు. ఊరు ఊరంతా మొహాలు గంభీరంగా పెట్టుకుంది.

"వెంట పిల్లలున్నారా అండి?" అన్నారు చెంచురామయ్య గారు.

"నేను తనిఖీ అధికారిని."

"మొదటి నిబంధనలో అధికారులకు మినహాయింపు రాయలేదండి. మీరు పంపిన కాగితమేనండి."

వెంకటరామారావు గారు కాగితం రెండుసార్లు చదివారు. రాసింది తానే కాబట్టి తప్పు పట్టలేకపోయారు. లైనులో ఉన్న పిల్లలందరూ ఎవరో ఒకరికి కుదిరిపోయి ఉన్నారు. అప్పుడు ఇన్నమ్మ ముందుకొచ్చింది.

"మొదటి సగం నాకు నోటికొచ్చు సారూ. ఇంటర్వెల్ దాక ఈ పిల్లను మీరు ఉంచుకోర్రి. తర్వాత నాకియ్యుర్రి."

హేమ్లిని ఎవరూ అడగలేదు. (ఇది పిల్లల సినిమా.)

ఆట మొదలైంది. అంతటి నిశ్శబ్దాన్ని నేను చావింట్లో కూడా వినలేదు. ఎలుగుబంటి తేనెకుండలో తల పెట్టి, తీయలేక, కుండతోనే చెట్టును ఢీకొంది. పిల్లలు ఘొల్లుమని నవ్వారు. పెద్దలు పళ్లు బిగబట్టారు. మా వరసలో ఒకాయన తువ్వాలు మొత్తం నోట్లో కుక్కుకున్నారు. అప్పుడే వెనక నుంచి ఒక నవ్వు బయటపడింది. పెద్దవాడి నవ్వే. వెంకటరామారావు గారు టార్చి వేశారు. వెలుగు పూల్‌సింగ్ మొహం మీద పడింది. అతను ఫారెస్టు వాచరు.

"నవ్వావు," అన్నారు వెంకటరామారావు గారు.

"నవ్వు కాదు సార్. నా మూతే గిట్లుంటది. మూడేండ్ల కింద ఇప్పచెట్ల కాడ గుడ్డెలుగు గీరింది."

నిజమే. ఎడమ చెంప మీది గీత అతని పెదవిని శాశ్వతంగా పైకి లాగి ఉంచింది.

"మూతి సరే. చప్పుడు ఎందుకొచ్చింది?"

"చప్పుడు గూడ కుట్లకాడికెల్లే వస్తది సార్."

గేటు దగ్గర నుంచి ఇన్నమ్మ అందుకుంది. "అవ్ సారూ. కుట్లేసేటప్పుడు నేనే పట్టుకున్న. అప్పటి సంది గట్లనే వస్తది."

వెంకటరామారావు గారు "వైద్య కారణములు" అని రాసుకున్నారు. ఆపైన ఆయన ఫారంలో ఏమీ రాయలేదు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకోవడం నేను చూశాను.

ఇంటర్వెల్‌లో ఇన్నమ్మ వచ్చి చేయి చాచింది. "పిల్లను ఇయ్యుర్రి సారూ."

వెంకటరామారావు గారు ఇవ్వలేదు. "తనిఖీ సగంలో ఆపితే చెల్లదు," అన్నారు, ఎటో చూస్తూ.

"మూడుసార్లు సగంల లేచిపోయిన నేను. అది చెల్లిందా లేదా అని నన్నెవ్వరు అడగలే."

ఆయన పిల్ల చేయి వదల్లేదు. హేమ్లే విడిపించుకుంది. "నేను ఇద్దరితోని రాను. ఇంకెవరు పిలిచినా వాళ్లతోని గూడ రాను. ఆరుసార్లు చూసిన. నిద్రొస్తుంది," అని తండా వైపు వెళ్లిపోయింది.

ఇప్పుడు గేటు బయట ఇద్దరు పెద్దలు మిగిలారు. పిల్లలు లేరు. బెల్లు మోగింది. వెంకటరామారావు గారు నిబంధనల కాగితం తీసి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు. ఐదో దాని దగ్గర ఆగారు. ఇన్నమ్మ వంగి చూసింది. చదువు రాదు గాని, ఆయన వేలు ఎక్కడ ఆగిందో చూసింది, మొహం చూసింది. చేయి చాచింది.

"పట్టుకోర్రి సారూ. జల్దీ."

ఆయన అటూ ఇటూ చూసి పట్టుకున్నారు. చెంచురామయ్య గారు ఫారం నింపారు. బాలుని పేరు: వెంకటరామారావు. తరగతి: రెండు. (ఆ గడిలో ఏం రాయాలో తోచక ఆయన తన గ్రేడే చెప్పారు.) సంబంధం: ఇతరములు.

చివరి రీలుకు ముందు, ఎలుగుబంటి కొండెక్కి దూరంగా ఒక దీపం చూసిన చోట, తెర మీద స్లయిడ్ పడింది. కాన్పు.

ఇన్నమ్మ లేచింది. నాలుగోసారి. ఆమె మొహం నేను దగ్గర నుంచి చూశాను, నాకు చాలా బాధేసింది. ఆమె మాత్రం చెప్పులు వెతుక్కుంటూ, "పాపం, ఎంతసేపటి సంది నొప్పులు పడుతుందో," అంది.

"మిషను ఆపండి. ఇది ఆర్డరు," అన్నారు వెంకటరామారావు గారు.

"ప్రస్తుతం తమరు పిల్లలండి. పిల్లలు ఆర్డరు వేయకూడదండి. పైగా తమరి పెద్దదిక్కు వెళ్లిపోతోంది కాబట్టి తమరూ బయటికి రావాలండి," అన్నారు చెంచురామయ్య గారు.

దానికి వెంకటరామారావు గారు చేయగలిగింది ఒక్కటే మిగిలింది. బెంచీ మీద కూర్చొని, రెండు కాళ్లూ నేలకేసి కొడుతూ, "ఆపాల్సిందే," అన్నారు. పక్కనున్న పిల్లలకు ఇది నచ్చింది. క్షణంలో డేరా అంతా కాళ్ల చప్పుడే. తొమ్మిదో నిబంధన ప్రకారం పిల్లల కోరికే ప్రధానం. మిషను ఆపారు. ఆట ఆగింది కాబట్టి బయటికి పంపే ప్రశ్న కూడా ఆగింది.

ముప్పావుగంట కూర్చున్నాం. తర్వాత ఏమవుతుందో హాల్లో అందరికీ తెలుసు, వెంకటరామారావు గారొక్కరికి తప్ప. ఆ ఒక్కరు అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఇన్నమ్మ మందు సబ్బు వాసనతో రొప్పుతూ తిరిగొచ్చింది.

"ఆడపిల్ల. తల్లి, పిల్ల మంచిగున్నరు. ఇగ ఎయ్యుర్రి," అని కూర్చుంది.

ఎలుగుబంటి ఇల్లు చేరింది. ఉడుత చెవిలోంచి దిగి, ఇక వెళ్లొస్తానన్నట్టు చేయి ఊపింది. దానికి వెళ్లడానికి ఇల్లు లేదని అప్పుడే తెలుస్తుంది. ఎలుగుబంటి కాసేపు చూసి, తన చెవి చూపించింది. అంతే సినిమా. ఇన్నమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పూల్‌సింగ్ గీత పడిన చెంప తడిసింది. నేను ఏడ్చాను. వెంకటరామారావు గారు అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకొని, మళ్లీ తీశారు.

ఆ రాత్రే నివేదిక రాశారు. నవ్విన బాలలు: నూట నలభై మూడు (తనతో కలిపి). నవ్విన పెద్దలు: సున్నా. ఏడ్చిన పెద్దల కోసం ఫారంలో గడి లేదు. ఎలుగుబంటి దమ్మపేటలోనే ఉండిపోయింది.

వారం తిరక్కుండా కార్యాలయం నుంచి జవాబొచ్చింది. ఈ చిత్రం వలన పెద్దలు ఎట్టి వినోదమూ పొందుటలేదని నివేదిక ద్వారా తెలిసినందున, వారిని అనవసరముగా శ్రమపెట్టుట భావ్యము కాదు గనుక, ఇకమీదట పిల్లలను మాత్రమే అనుమతించవలెను.

మర్నాటి నుంచి పిల్లలు లోపల, పెద్దలు బయట. పిల్లలు బెంచీల మీద హాయిగా నిద్రపోతుంటే, పెద్దలు డేరా గుడ్డ అంచు ఎత్తి, నేల మీద బోర్లా పడుకొని చూసేవారు. బయట నవ్వుల గోల వల్ల నిద్ర పట్టడం లేదని పిల్లలు ఫిర్యాదు చేశారు. విచారణకు వెంకటరామారావు గారినే పంపారు. ఆయన ఇన్నమ్మకూ పూల్‌సింగ్‌కూ మధ్య బోర్లా పడుకొని, ఆట మొత్తం అయ్యేదాకా విచారించి, ఒకే వాక్యంలో నివేదిక పంపారు:

"డేరా వెలుపల అరువది ఇద్దరు బాలలు ఒకరి చేయి ఒకరు పట్టుకొని యుండగా చూచితిని, పెద్దలు ఎవరూ కనబడలేదు."