మందుల డబ్బాలో బిస్కెట్లు

మూడు నెలలుగా నా నాలుక చక్కెర ముఖం చూడలేదు. ఒక్క పలుకు కాదు కదా, అర పలుకైనా! నా నిగ్రహం చూస్తే మునులు ముక్కున వేలేసుకుంటారు. ఇంతటి తపస్సు ఎలా సిద్ధించిందంటారా? అడవికి పోలేదు, గడ్డం పెంచలేదు. వీధి చివర సూపర్ మార్కెట్‌కి వెళ్ళి 'డయాబెటిక్ స్పెషల్' అని రాసి ఉన్న బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కున్నాను. అంతే!

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఆ ప్యాకెట్లను వెక్కిరించేవాళ్ళ నోళ్ళు ముందు మూయించాలి. ధర మూడింతలట, రుచి అట్టముక్కట! అయితే ఏం? ముక్తి ఎక్కడైనా చవగ్గా దొరికిందా?

నా పాత బతుకు ఎంత అధ్వానంగా ఉండేదో చెబుతాను, వినండి. నలభై ఏళ్ళు త్రాసులు బాగుచేసిన చేతులివి. బస్తాలు తూచే కాటా నుంచి బంగారం తూచే చిన్న త్రాసు దాకా నా బల్ల మీదికి రానిది లేదు. సాయంత్రం నాలుగింటికి మా ఆవిడ టీ గ్లాసులు రెండూ, బిస్కెట్ ఒక్కటీ పట్టుకుని కొట్లోకి వచ్చేది. దాన్ని మధ్యకు విరిచి చెరో సగం తినేవాళ్ళం. ఆవిడ తిట్లు, నా కోతలు, రోజు మొత్తం మీద మేమిద్దరం తీరిగ్గా కూర్చున్నది ఆ కాసేపే. కొట్టు మూసేసి ఇంట్లో పడ్డాక కూడా ఆ చెరో సగం ఆగలేదు.

నాకు షుగర్ అని తేలింది. ఆగింది.

సరిగ్గా అప్పుడే స్పెషల్ బిస్కెట్లు రంగప్రవేశం చేశాయి. ఇక నా వైభవం చూడండి!

సూపర్ మార్కెట్‌లో మాకు విడిగా ఒక ర్యాక్ ఉంది. అన్నీ ఆకుపచ్చ ప్యాకెట్లే. ప్రతిదాని మీదా ఒక ఆకు, ఒక గుండె, పరిగెత్తే మనిషి బొమ్మ. ఆ మనిషికి నా వయసు లేదు, నా పొట్టా లేదు. అయినా పాపం, నా కోసమే పరిగెడుతున్నాడు! బిస్కెట్లు, చాక్లెట్లు, జాములు, కేకులు... ఒంట్లో చక్కెర లేనప్పుడు ఇన్ని తీపి వస్తువులు కొన్న పాపాన పోలేదు. రోగమొచ్చాకే కదా నోరు తీపయింది!

"బాబాయ్, మీలాంటివాళ్ళ కోసమే తెప్పించా. ఎన్ని తిన్నా ఏం కాదు," అన్నాడు కొట్టతను.

మీలాంటివాళ్ళు! ఏళ్ళ తరబడి అతని కాటా బాగుచేసినప్పుడు ఎన్నడైనా నా పేరున ఒక ర్యాక్ పెట్టాడా?

ఇక ఇంట్లో భద్రత సంగతి. మా వంటింటి చీమలు బారులు తీరి వచ్చాయి. ముందున్న పెద్ద చీమ ప్యాకెట్‌ను ఒక చుట్టు చుట్టింది, కాసేపు ఆలోచించింది, వెనక్కి తిరిగి ఏదో చెప్పింది. అంతే, దండు దండంతా మా గోడ సున్నం నాకుతూ వెళ్ళిపోయింది.

మా ఆవిడ మాత్రం చీమలకన్నా చదువరి. ప్యాకెట్ మీద రోగం పేరు చూసింది. రోగం పేరున్నదేదైనా ఆవిడ లెక్కలో మందే! తీసుకెళ్ళి మందుల డబ్బాలో బీపీ మాత్రల పక్కన పెట్టింది. పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు. ఒక పూట మానితే ఊరుకుంటుందా?

"ఏమండీ, కోర్సు మధ్యలో ఆపకూడదు. రోగం మొండికేస్తుంది."

"అయితే ఒక ముక్క నువ్వూ తీసుకోవే."

"బాగుంది సంబడం! మీ మందు నేను మింగితే ఉన్న షుగర్ పడిపోదూ నాకు?"

తన మామూలు బిస్కెట్ వంటింట్లో నిలబడి తినేసి, మూతి తుడుచుకుని వచ్చేది. కనిపిస్తే నా మనసు లాగుతుందని. నేను ముందు గదిలో నా రెండు మాత్రలూ నములుతూ కూర్చునేవాణ్ణి. ఎంత ప్రశాంతతో! తిట్లు లేవు, కోతలు లేవు. గోడ గడియారం ఒక్కటే మాట్లాడేది.

ఇంకో వరం మరిచాను. ప్యాకెట్ అడుగున ఆవగింజంత అక్షరాల్లో ఉంది: ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చు. కావచ్చేమిటి! ఆ కంపెనీవాళ్ళు మాట మీద నిలబడే మనుషులు. నన్ను మాత్రం నిలబడనివ్వలేదు.

మూడు నెలలయ్యాక రక్తపరీక్ష చేయించాను. మెడలో దండ వేస్తారనుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాను. షుగర్ తగ్గలేదు సరికదా, పెరిగింది! బరువు మూడు కిలోలు ఎక్కువ. ఆ ఆసుపత్రి త్రాసుదే తప్పు అని వాదించడానికీ లేదు, దాన్ని బాగుచేసింది నేనే.

ఇక్కడ చిన్న సవరణ. చక్కెర ముఖం చూడలేదని మొదట్లో కోశాను కదా? నాలుక చూడని మాట నిజమే. నెత్తురు మాత్రం రోజుకు మూడు పూటలా చూస్తోందట!

అక్కడి డైటీషియన్‌ది నా మనవరాలి వయసు. వెంట వచ్చిన మా ఆవిడ సంచిలోంచి తీసిచ్చిన ప్యాకెట్‌ను వెనక్కి తిప్పింది.

"తాతగారూ, ముందువైపు మీరు చదివారు. వెనకవైపు ఎవరు చదవాలి? తీసేసింది చక్కెర ఒక్కటే. మైదా అలాగే ఉంది, నూనె ఇంకాస్త ఉంది. ఆ మైదా లోపలికెళ్ళి షుగర్ కాక ఏమవుతుంది? రోజుకెన్ని తింటున్నారు?"

"ఆరు. ఒక్క పూట కూడా తప్పనివ్వలేదమ్మా," అంది మా ఆవిడ గర్వంగా.

ఆ పిల్ల నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

"మామ్మగారూ, ఇది మందు కాదు. ఇక కొనకండి. అంతగా తినాలనిపిస్తే మామూలు బిస్కెట్టే, ఒక్క సగం. అదీ ఆ పూట తిండి కాస్త తగ్గించుకుని."

"మరి మిగతా సగం? పారెయ్యాలా?"

"మీరున్నారుగా!"

ఇంటికొచ్చి తాళం తీస్తూ, మా ఆవిడ నా వైపు చూడకుండా అంది: "మూడు నెలలు దొంగలా నిలబడి తిన్నాను. గొంతు దిగిందనుకున్నారా?"

ఆ మాట విన్నాక కంపెనీవారికి ఒక మనవి చేసుకోవాలనిపించింది. అయ్యా, మీరు వాడే జిగురు మహా గట్టిది. చీటీ బిస్కెట్‌కి అంటించారు, అది వచ్చి నా నుదుటికి అంటుకుంది. నాకో వేరే ర్యాక్, వేరే డబ్బా, వేరే గది. చక్కెర మానమంటే మానేవాణ్ణి. మీరు మనిషినే మానిపించారు.

ఆ సాయంత్రం నాలుగింటికి టీ గ్లాసులు రెండూ, బిస్కెట్ ఒక్కటీ ముందు గదిలోకి వచ్చాయి. ఆవిడ కూర్చుంది. మూడు నెలలుగా లోపల దాచిన తిట్లన్నీ వరసగా బయటికి తీసింది. బిస్కెట్ విరిచి, పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది.

ఈ చివరి వాక్యం మాత్రం నా కల్పన. పెద్ద ముక్క ఆవిడే తీసుకుంది. ఎంత పెద్దదో కంటితో చూసి చెప్పగలను. కానీ లేచి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోతుందేమోనని ఊరుకున్నాను.