సహజంగా మాట్లాడటంలో శిక్షణ

నిష్పక్షపాతానికి మా వైద్య కళాశాల ప్రవేశ ఇంటర్వ్యూలు పెట్టింది పేరు. అభ్యర్థి తన పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు, తల్లిదండ్రులేం చేస్తారో అసలే చెప్పకూడదు. అందరికీ ఒకే బూడిదరంగు గౌను, ఒకే మాస్కు, పేరుకు బదులు ఒక నంబరు. ఒకసారి ఒకబ్బాయి అచ్చం వాళ్ల నాన్నగారిలా తుమ్మితే మార్కులు తగ్గించాం. ఆ నాన్నగారు మా ప్రొఫెసరే. ప్రశ్నలు తయారుచేసేవాళ్లను మూడు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తాం. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. నేను ప్రవేశాల విభాగంలో గుమాస్తాను.

సియోల్‌లో కుక్ మాస్టారి శిక్షణ కేంద్రం పిల్లలు ఏ ప్రశ్నకైనా ఒకేలా జవాబిస్తారు. డాక్టరెందుకు కావాలంటే, మూడు సెకన్లు ఆగి, పోయిన నాయనమ్మను తలుచుకుని, ఎడమకన్ను తుడుచుకుంటారు. ఒక్కపూటలో అరవైమంది నాయనమ్మలు పోయిన రోజులున్నాయి. కమిటీ అధ్యక్షులు ప్రొఫెసర్ ప్యో ప్రతిసారీ కొత్తగా చలించేవారు. "ఈ తరానికి ఎంత కరుణండీ!" అంటూ అందరికీ సమానంగా తొంభై ఐదు వేసేవారు.

మూడేళ్ల కిందట తాక్ హే-రాన్ వచ్చింది. తండ్రి దక్షిణ సముద్రంలో ఒక దీవి దగ్గర సముద్రపు నత్తలు పెంచుతాడు. ఇంటర్వ్యూ అంటే అడిగినదానికి జవాబు చెప్పడమే అనుకుని, ఆ పిల్ల ఏ శిక్షణా లేకుండా పడవెక్కి వచ్చేసింది.

ఇంటర్వ్యూ గదిలో, పరీక్ష కోసం రోగి వేషం వేసిన ముసలి నటి మంచం మీద మూలుగుతోంది. అంతకుముందు వచ్చినవాళ్లు ఆమె భుజం రెండుసార్లు తట్టి, "మీ బాధ నాకు అర్థమైంది" అని వెళ్లారు. హే-రాన్ నేలమీద కూర్చుని ఆమె పాదాలు చేతుల్లోకి తీసుకుంది.

"అయ్యో అవ్వా, కాళ్లింత చల్లగా ఉన్నాయేంటి? పొద్దున ఏమైనా తిన్నారా?"

"ఎక్కడ తల్లీ! ఏడింటికే రమ్మని చంపారు," అంది నటి, తాను నటినన్న సంగతి మరచిపోయి.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. "మిగతా అభ్యర్థులెవరికీ రోగి ఇలా జవాబివ్వలేదు. ఈ అమ్మాయి ఒక్కదానికే ఇచ్చింది. ఇది పక్షపాతం కాదా?" అన్నారు ప్యో. హే-రాన్‌కు సున్నా, నటికి మెమో. కారణం: సన్నద్ధతాలోపం.

ఫలితాల నాడు ఆ పిల్ల నా బల్ల దగ్గరికొచ్చింది.

"నేనేం తప్పు మాట్లాడాను సార్?"

"తప్పేం లేదమ్మా. ప్రిపేరవలేదు, అంతే."

"మా దీవికి డాక్టరు వారానికోసారి వస్తాడు సార్. గాలొస్తే పడవ రాదు, అదీ లేదు. మా అమ్మకి కడుపునొప్పి వచ్చిన రోజు గాలొచ్చింది. దానికెలా ప్రిపేరవ్వాలి?"

ఆ ప్రశ్న మా విభాగం పరిధిలోది కాదు. ఒక ఫారం ఇచ్చి పంపాను.

సంగతి కుక్ మాస్టారి చెవిన పడింది. స్వయంగా దీవికి వెళ్లారు. "నువ్వు మాట్లాడినట్టే మా పిల్లల చేత మాట్లాడించు. వచ్చే ఏడు నువ్వూ మళ్లీ ప్రయత్నించుకోవచ్చు," అన్నారు. ఆమె సరేనంది. 'సహజత్వం: ఉన్నత స్థాయి' అనే కొత్త తరగతి మొదలైంది. ఆమె గొంతు ఎక్కడెక్కడ వణుకుతుందో రికార్డు చేసి, విద్యార్థులకు పంచిపెట్టారు.

మరుసటేడు అభ్యర్థులందరూ నేలమీదే కూర్చున్నారు. మధ్యాహ్నానికల్లా నటి పాదాలు కందిపోయాయి. ప్యో గారు రెండు చేతిరుమాళ్లు తడిపారు. చిట్టచివర నూట పన్నెండో నంబరు కూడా కూర్చుని అవే మాటలు అడిగింది.

ప్యో ఫైలు మూసేశారు. "ఇదీ ఆ శిక్షణ కేంద్రం సరుకే. మిగతావాళ్లు గడగడా చెప్పారు, ఈమెకు కంఠతా కూడా రాలేదు, మధ్యలో తడబడుతోంది. నకళ్లలోకెల్లా నాసిరకం నకలు."

మళ్లీ సున్నా. కారణం: అతిసన్నద్ధత. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితా నా బీరువాలోనే ఉంది. నియమం ప్రకారం నేను నోరెత్తకూడదు. ఎత్తలేదు.

హే-రాన్ ఇక దరఖాస్తు చేయలేదు. కుక్ మాస్టారి దగ్గరే ఉంది. మా అమ్మాయి ఆమె దగ్గరే నేర్చుకుని, నియమభంగం కాకుండా వేరే కాలేజీలో సీటు సంపాదించింది. చర్మసౌందర్య నిపుణురాలవుతుందట. హే-రాన్ పాఠం నిజంగా బాగా చెబుతుంది. మీ పిల్లల్ని పంపే ఉద్దేశముంటే ముందుగా నా చెవిన వేయండి. నా మాట మీద ముందు వరుసలో కూర్చోబెడుతుంది.