హ్యాజ్ బీన్ కంప్లీటెడ్

సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, నంద్యాలలోని ఒక కార్యాలయంలో, తన బడికి రెండు గదులున్నాయని ఎస్తేరు టీచరుకు తెలిసింది. ఆళ్లగడ్డ దగ్గరి ఆ పల్లె బడిలో ఆమె తొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతోంది. ఇన్నాళ్లూ ఆమె లెక్కకు ఒకటే తేలింది. ముప్పై ఒక్క మంది పిల్లల్లో సగం మంది వరండాలో కూర్చుంటారు. వాన వస్తే లేచి నిలబడతారు. అందుకే రెండో గది అడగడానికి వచ్చింది.

గదుల ధ్రువీకరణ ఇంజనీరు ఉమాశంకర్ కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాడు.

"రెండోది ఉంది కదమ్మా. చూడు. హ్యాజ్ బీన్ కంప్లీటెడ్."

"ఎవరు కట్టినారు సార్?"

"ఎవరు కట్టినారని ఆడ యాడుంది? అయిపోయిందని ఉంది."

ఈ మూడు మాటలను తక్కువగా చూడరాదు. జిల్లా వీటి మీద నడుస్తోంది. రోడ్లు వేసినవారు లేకుండానే వేయబడతాయి. ఫిర్యాదులు చూసినవారు లేకుండానే పరిశీలించబడతాయి. (చేసినవారి పేరు రాయాలంటే ముందు వారిని వెతకాలి. అందుకు సిబ్బంది లేరు.)

తెర మీది ఫోటోలో ఉన్నది గది కాదు, గది పూర్తయిందని చెక్కిన శిలాఫలకం. ఎస్తేరు దాన్ని గుర్తుపట్టింది. ఫిబ్రవరిలో ట్రాక్టరు మీద తెచ్చి బడి గోడకు ఆనించి, ఫోటో తీసుకుని వెళ్లారు. ప్రారంభోత్సవానికి పెద్దల రాక రద్దయింది. రాయి మిగిలింది.

తిరుగు బస్సులో ఆమె ఆళ్లగడ్డలో దిగి, ఆ రాయి చెక్కిన గురవయ్య దగ్గరికి వెళ్లింది.

"గది లేకుండానే ఎట్ల చెక్కినావన్నా?"

"రాయికి ఎనిమిది దినాలు పడుతుంది టీచరమ్మా. పెద్దోళ్లు వచ్చేది ముందురోజు చెప్తారు. అందుకే అయిపోయినట్టు చెక్కి, తేదీకి జాగా వదిలిపెడతాం. ఆ పక్క చూడు. ఏడు వంతెనలు, ఒక ఆసుపత్రి."

ఆసుపత్రి మీద అతని చొక్కా ఆరుతోంది.

"ఆ మాట తీసేయలేవా?"

"రాతి మీద చెరిపేది ఉండదమ్మా. పగలగొట్టేదే."

మరుసటి సోమవారం ఉమాశంకర్ దారి చూపించాడు. ఉన్న గది పాడైతే కూల్చి, దాని బదులు కొత్తది ఇవ్వవచ్చు.

"పాడైందని రాసియ్యమ్మా."

"లేని గది ఎట్ల పాడైతాది సార్?"

"పట్టించుకోకుంటే ఏదైనా పాడైతాది."

ఎస్తేరు వరండాను తలుచుకుని సంతకం చేసింది. పదహారు రోజుల్లో నివేదిక వచ్చింది. రెండో గది గోడల్లో పగుళ్లు గమనించబడినవి. పిల్లలను ఆ గదిలోకి పంపరాదని ఆదేశం కూడా వచ్చింది. (ఈ ఆదేశం వంద శాతం అమలైంది.)

గురువారం ఉదయం పదింటికి రూబెన్ జేసీబీ తోలుకొచ్చాడు.

"యాడక్కా గది?"

"అది కాగితం మీదే ఉంది రూబెన్."

"ఒక గది కొట్టి ఫోటో పెట్టమన్నారు. ఈడ ఒకటే కనపడ్తాంది."

ఎస్తేరు ఉమాశంకర్‌కు ఫోన్ చేసింది. అతను మీటింగులో ఉన్నాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఆర్డరులో ఏ గది అని లేదమ్మా. ఒక గది అని ఉంది. ఈపొద్దు కొట్టకుంటే కొత్త గది మంజూరు పోతాది. మళ్లా మొదట్నుంచి రావాల."

"కొట్టినాక పిల్లోళ్లను యాడ కూర్చోబెట్టేది?"

"కొత్త గదిలో."

 ఫోన్ పెట్టేశాక ఆమె పిల్లల చేత చాపలు, నల్లబల్ల, బియ్యం మూట బయట పెట్టించింది. రూబెన్ యంత్రం స్టార్ట్ చేసే ముందు అడిగాడు.

"కొట్టమంటావా అక్కా?"

"నన్నడగద్దు నాయనా. ఆర్డరునడుగు."

పదకొండున్నరకు గది, దాంతోపాటు వరండా నేలమట్టమయ్యాయి. ఫోటో యాప్‌లోకి ఎక్కింది.

ఆ సాయంత్రం నాలుగు గంటల నలభై నిమిషాలకు కొత్త గది గురించి కార్యాలయం సమాధానం ఎస్తేరు ఫోన్‌లోకి వచ్చింది. బడిలో మొత్తం గదులు రెండు. కూల్చివేయబడినది ఒకటి. ఫోటోను బట్టి అది పాత గది. మిగిలి ఉన్నది ఈ సంవత్సరమే పూర్తయిన కొత్త గది కనుక, మరో గది అవసరం లేదని నిర్ధారించబడినది.