ఖాళీ గడికి ఉడుము పేరు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ప్రోగ్రాం ఉండేది. కథ కూడా చిన్నదే. ఎలుగుబంటి ఓబులమ్మ తేనె తాగి మూతి తుడుచుకునేలోగా అయిపోతుంది. అయితే ఓబులమ్మ మూతి తుడుచుకోదు, అది వేరే సంగతి. పక్క పొదలోని ముళ్ళపంది ఓసారి ఆమెకు వంగి నమస్కారం పెట్టబోయి ఆ మూతికి అతుక్కుపోయి, పొద్దుగూకేదాకా ఊడిరాలేదు.

ఇంతకీ ప్రోగ్రాం.

ఆ అడవిలో వానలకు ముందు ప్రతి కుటుంబమూ ఒక మూట కట్టి ఉమ్మడి గుహలో దాచాలి. గుహకు ఆఫీసు వచ్చాక మూటను ప్యాకేజీ అనడం మొదలుపెట్టారు. లోపలి సరుకేమీ మారలేదు.

ప్రతి ప్యాకేజీకీ ఒక చీటీ. సరుకేమిటి, కట్టిందెవరు, కుళ్ళితే బాధ్యుడెవరు, మీ నాయకుడెవరు అని అందులో గడులు. ఆఖరి గడే ఓటు. ఎన్నిక విడిగా పెడితే జంతువులు రావు. తిండి దాచుకోవడానికైతే చచ్చినట్టు వస్తాయి.

బాధ్యుడి గడిలో పేరున్నవాడు, సరుకు కుళ్ళితే అదే సరుకు స్వయంగా తెచ్చి నింపాలి. కాబట్టి ఆ గడిలో ఎవరూ ఏమీ రాయరు. నాయకుడి గడిలోనూ రాయరు, ఎందుకొచ్చిన గొడవ అని. అడవిదున్న పెద్దయ్య చుట్టాలు మాత్రం పెద్దయ్య పేరు రాసేవారు. ఆ కాసిని ఓట్లతోనే పెద్దయ్య ఏళ్ళ తరబడి అధ్యక్షుడు.

అధ్యక్షుడికి జీతం లేదు. ఎండబండ ఉంది. ఆ చిక్కటి అడవిలో పొద్దంతా ఎండ పడే బండ అదొక్కటే. దున్న దానిమీద ఊరికే పడుకుని నెమరు వేసేది.

గుహ ఆఫీసరు ఉడుము సింగారప్పకు అది చూస్తే కడుపు మండేది. కడుపు మండినా ఒళ్ళు వెచ్చబడదు కదా. ఉడుము ఒంటికి ఎండే ప్రాణం. పొద్దున్నే చల్లటి గుహలో కొయ్యబారి, మధ్యాహ్నానికి గానీ నోరు తెరవలేకపోయేవాడు. ఆ బండ దొరికితే చాలు, ఈ జన్మకు ఇంకేమీ అక్కర్లేదని అతని కోరిక.

ఎవరో పరిశోధకులు గుడారం ఎత్తేస్తూ ఒక ల్యాప్‌టాప్ మరిచిపోయారు. గిజిగాడు పుల్లయ్య దాన్ని ముక్కుతో పొడిచి పొడిచి, జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషలో చిన్న ప్రోగ్రాం అల్లాడు. చీటీలన్నీ అందులోకి ఎక్కించాడు. ఏ ప్యాకేజీలో ఏ గడి కావాలో అడిగితే, ఆ గడిలో ఉన్నది చెబుతుంది. అంతే. అంతకుమించి దానికి ఏమీ రాదు. ఆ మాటకొస్తే ఆఫీసులో ఎవరికీ రాదు.

"సారూ, గడి ఖాళీగా ఉంటే ఏం చెప్పమంటారు?" అని పుల్లయ్య అడిగాడు.

సింగారప్ప నాలుక చాపి గాలి రుచి చూశాడు. "నా పేరు చెప్పమను."

"ఏ గడి ఖాళీగా ఉన్నా అంతేనా?"

"ఏ గడి అయినా. ఆఫీసరును కదా, ఆ మాత్రం మర్యాద ఉండాలి."

ఎన్నిక రోజున పుల్లయ్య ఒక్కో ప్యాకేజీనీ నాయకుడెవరని అడిగాడు. సింగారప్ప, సింగారప్ప, సింగారప్ప, పెద్దయ్య, సింగారప్ప. దున్న లేచి, తోక విదిలించి, బండ దిగింది. "నీకింత పలుకుబడి ఉందని తెలియదు తమ్ముడూ" అంది.

"నాకూ తెలియదన్నా" అన్నాడు సింగారప్ప వినయంగా, బండ ఎక్కుతూ.

ఆ మధ్యాహ్నం అతను కళ్ళు మూసుకుని పొట్ట బండకు ఆనించాడు. వేడి వెన్నెముకదాకా పాకింది. సరిగ్గా అప్పుడే ఓబులమ్మ వచ్చింది.

"ఏం సింగారప్పా, నా తేనె ప్యాకేజీ నిండా చీమలే. బాధ్యుడెవరని అడిగితే నీ పేరు చెప్పింది పుల్లయ్య పెట్టె. లే, చెట్టెక్కు."

"నేనెందుకు బాధ్యుణ్ణి? ఆ తేనె కట్టింది నువ్వేగా!"

"కట్టడం వేరు గడి నాయనా."

తేనె తెచ్చి, కుట్టిన చోటల్లా రుద్దుకుంటూ బండ ఎక్కేసరికి, అడవిపందుల దుంపలు కుళ్ళాయి. అవి తవ్వి వచ్చేసరికి కొండముచ్చుల ఉసిరికాయలు బూజు పట్టాయి. ఎండ ఉన్నంతసేపూ అతను బండ మీద లేడు. బండ మీదకి వచ్చేసరికి ఎండ లేదు.

"పుల్లయ్యా, నా పేరు తీసెయ్" అన్నాడు రొప్పుతూ.

"తీసేస్తే ఓట్లూ పోతాయి సారూ. బాధ్యుడి గడి ఒక్కదానికే తీయాలంటే అడవి సభ ఒప్పుకోవాలి."

సభ కూడింది. "బ్రహ్మాండంగా నడుస్తున్న ప్రోగ్రాంను ఎవడైనా ముట్టుకుంటాడా?" అంది ఓబులమ్మ. జంతువులన్నీ చప్పట్లు కొట్టాయి. పోయిన బండ సంగతి పక్కనపెట్టి దున్న కూడా కొట్టింది. దాని ఎండుగడ్డి ముందురోజే తడిసింది.

"పోనీ, రాజీనామా చెయ్యండి సారూ" అన్నాడు పుల్లయ్య చెవిలో. సింగారప్ప బండను నాలుగు కాళ్ళతో కరుచుకున్నాడు. ఉడుము పట్టు పట్టినవాడికి వదలడం నేర్పినవాళ్ళు లేరు.

కుళ్ళితే తనే మోయాలి కాబట్టి, అతను ప్రతి ప్యాకేజీనీ విప్పి చూడసాగాడు. తడి సరుకు ఆరబెట్టించాడు. గుహ కప్పులో చిల్లి పూడ్చాడు. ఆ తర్వాత ఒక్క ఉసిరికాయ కూడా బూజు పట్టలేదు. ఇంత మంచి అధ్యక్షుణ్ణి ఏరికోరి ఎన్నుకున్నామని జంతువులు పక్క అడవిలో చెప్పుకున్నాయి.

మళ్ళీ ఎన్నిక వచ్చింది. ఈసారి పెద్దయ్య చుట్టాలు కూడా గడులు ఖాళీగానే వదిలారు. సింగారప్ప చిక్కి సగమై, తనూ ఒక ప్యాకేజీ కట్టి, నాయకుడి గడిలో గోటితో పెద్దయ్య పేరు రాశాడు.

సింగారప్ప గెలిచాడు. అతనికి వ్యతిరేకంగా పడిన ఒకే ఒక్క ఓటు అతనిదే.

నీతి: ఏ గడీ నింపని ప్రజలకు మంచి ప్రభువే దొరుకుతాడు, ప్రభువుకే ఎండ దొరకదు.